పరాయి గూటి చీమలు

మామిడితోటలో పెరిగినవాళ్ళకి ఎర్రచీమలంటే భయమే గానీ గౌరవం ఉండదు. నాకు రెండూ ఉండేవి. ఎనభైల్లో డిగ్రీలో జువాలజీ చదివే రోజుల్లో ఆ గౌరవం మరీ ముదిరింది. సెలవులకి ఇంటికొస్తే చాలు, ఎవరు దొరికితే వాళ్ళకి చీమల గొప్పతనం చెప్పి విసిగించేదాన్ని.

మా తోట రెడ్డిగూడెం దగ్గర. చిన్నరసాలు ఎక్కువ, బంగినపల్లి కొంచెం. ఆ చెట్ల మీద ఆకులు కలిపి కుట్టి గూళ్ళు కట్టుకునే ఎర్రచీమలు ఉండేవి. గూడు కట్టడం చూడాలంటే మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ నిలబడాలి. ఒక చీమ ఆకు అంచు పట్టుకుంటుంది. రెండో ఆకు అందదు. ఇంకో చీమ వచ్చి దాని నడుం పట్టుకుంటుంది. దీని నడుం మరొకటి. అలా గొలుసులా వేలాడి, అవతలి ఆకు అందాక అన్నీ కలిసి వెనక్కి లాగుతాయి. రెండు ఆకులూ దగ్గరయ్యాక మరికొన్ని చీమలు నోట్లో పిల్లపురుగుల్ని పట్టుకొస్తాయి. ఆ పిల్లపురుగు దగ్గర సన్నటి పట్టుదారం ఉంటుంది. తన చుట్టూ తాను అల్లుకుని పడుకోవడానికి పనికొచ్చే దారం అది. దాన్ని కాస్తా ఈ ఆకు నించి ఆ ఆకుకి, ఆ ఆకు నించి ఈ ఆకుకి గోడలు కుట్టడానికి ఇచ్చేస్తుంది. తనకేమీ మిగుల్చుకోదు. ఒంటి మీద దుప్పటి లేకుండానే పెరిగి పెద్దదవుతుంది.

ఇది మొదటిసారి దగ్గరగా చూసిన రోజు అన్నానికి పిలిచినా నేను కదల్లేదు. పైనించి ఒకటి మెడ మీద పడి కుట్టాక కదిలాను.

కాలేజీలో మా లెక్చరర్ దీనికి కారణం చెప్పారు. ఆ గూట్లో చీమలన్నీ ఒకే తల్లి బిడ్డలు, అక్కచెల్లెళ్ళు. పని చేసే చీమ తను పిల్లల్ని కనకపోయినా తల్లినీ చెల్లెళ్ళనీ బతికిస్తే చాలు, తన రక్తం తరవాతి తరానికి అందినట్టే. అందుకే తరతరాలుగా ఈ గుణం చావకుండా నిలబడిందట. త్యాగానికి ఇంత చక్కటి కారణం ఉందని తెలిశాక నాకు త్యాగం మీద గౌరవం తగ్గలేదు సరికదా, రెట్టింపయింది.

మా ఇంట్లో ఆ చీమల సంగతి చూసేది మా మేనత్త. పెళ్ళయిన ఏడాదికే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి నేనింకా పాలు తాగే పిల్లని. అమ్మకి ఉబ్బసం కావడంతో నన్ను పెంచింది, ఇల్లు దిద్దింది, తోట చూసింది అన్నీ అత్తే. మా నాన్న ఊళ్ళో పెద్దమనిషిగా తిరగగలిగాడంటే అత్త పుణ్యమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పైకి అనడు, అంతే.

పిందె కట్టే రోజుల్లో అత్త చెట్టుకీ చెట్టుకీ మధ్య కొబ్బరి తాళ్ళు కట్టేది. గూళ్ళున్న చెట్టు నించి చీమలు ఆ తాడు మీదుగా గూళ్ళు లేని చెట్టుకి వెళ్ళి పురుగుల్ని ఏరుకు తింటాయి. అయితే రెండు చెట్ల మీదా గూళ్ళుంటే మాత్రం అత్త ఊరికే తాడు కట్టదు. ఈ చెట్టు చీమని పుల్ల మీద ఎక్కించుకెళ్ళి ఆ చెట్టు మీద వదిలేది. అక్కడి చీమలు మీసాలతో తడిమి చూసి ఊరుకుంటే ఒకే ఇంటివి. మీద పడి పట్టుకుంటే వేరే ఇంటివి. మా అమ్మ దాన్ని పెళ్ళిచూపులు అనేది.

ఆ వేసవిలో నిజం పెళ్ళిచూపులే వచ్చిపడ్డాయి. విస్సన్నపేటలో ఒకాయన భార్య పోయింది, ఆరేళ్ళ కూతురుంది, సొంత తోట ఉంది. మా అత్తని చేసుకుంటానని కబురు పంపాడు. అత్తకప్పుడు నలభైకి దగ్గర. అమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. నాన్న పేపర్ అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ వయసులో ఏంటి, నలుగురూ ఏమనుకుంటారు" అన్నాడు కాసేపటికి.

"నలుగురి సంగతి కాదండీ మీ బెంగ. తోట ఎవరు చూస్తారని" అంది అమ్మ. "రేపట్నించి ఆ తాళ్ళేవో మీరే కట్టుకోండి."

నాన్నకి పౌరుషం వచ్చింది. నాకేమో ఎవరి పక్షం మాట్లాడాలో తెలీలేదు. అత్త లేని ఇల్లు నా ఊహకే అందలేదు. ఆ సాయంత్రం అత్త పెరట్లో పచ్చి మామిడికాయలు తరుగుతుంటే పక్కన చేరి, ఆవిణ్ణి సంతోషపెడదామనుకుని, పిల్లపురుగు దారం కథంతా చెప్పాను. "నువ్వూ అంతే అత్తా. నీ దారమంతా మా ఇంటికే ఇచ్చావు. దేవతవి" అన్నాను.

అత్త కత్తిపీట మీద నించి చూపు తిప్పలేదు.

"ఆ పురుగుని ఎవరన్నా అడిగారంటావా, ఇస్తావా అని?" అంది.

మా సిలబస్‌లో ఆ ప్రశ్న లేదు. నేను ముక్కలు గిన్నెలోకి ఎత్తాను. అత్త వెళ్ళాలనుకుంటోందని నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే నాన్న తోటకెళ్ళి తనే తాళ్ళు కట్టాడు. పెళ్ళిచూపులూ గిళ్ళిచూపులూ ఏమీ చూడలేదు. పెద్ద చిన్నరసం చెట్టు కొమ్మ నించి పక్క బంగినపల్లి కొమ్మకి బిగించి, చేతులు దులుపుకుని వచ్చి టిఫిన్ చేశాడు. మధ్యాహ్నం నాన్నా, అత్తా, నేనూ వెళ్ళి చూసేసరికి తాడు కనపడలేదు. తాడంతా చీమలే. ఒక్కో చీమని ఇటు నాలుగు చీమలు, అటు నాలుగు చీమలు కాళ్ళు పట్టుకుని లాగి సాగదీస్తున్నాయి. తెగిపోతున్నా పట్టు వదలడం లేదు. చెట్టు కింద నేల ఎర్రగా అయింది. పోట్లాటకి ముందుగా వెళ్ళేవి వయసైపోయిన చీమలని తరవాతెప్పుడో చదివాను. లేతవాటిని లోపల పిల్లల దగ్గర ఉంచి ముసలివి సరిహద్దుకి వస్తాయట. తనవాళ్ళ కోసం అంత నిబ్బరంగా చావడం నేను మనుషుల్లో చూడలేదు.

"ఒకే రంగు, ఒకే జాతి. కొట్టుకు చావడం ఏంటి?" అన్నాడు నాన్న.

అత్త కొడవలి తీసుకుని రెండు వైపులా తాడు కోసేసింది. చేతి నిండా చీమలు ఎక్కాయి. మెల్లిగా ఒక్కొక్కటీ దులుపుకుంటోంది. నాన్న ఆ చేతినే చూస్తూ, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చూశావుగా అమ్మాయ్. పరాయి గూటికెళితే ఇంతే. ఆ పిల్ల నిన్ను తల్లనుకుంటుందా? రేపు ఆ ఇంట్లో నిన్ను ఇలా లాగి పీకితే నేనేం చేయను?"

ఆ మాటలో స్వార్థం ఉంది. భయం కూడా ఉంది, అది నిజమైన భయమే. నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు.

"నేను చీమని కాదన్నయ్యా" అంది అత్త. "వాటికి ఎవరు తోబుట్టువో తెలుసు, అంతే. కానివాళ్ళని కూడా కలుపుకోవడం వాటికి చేతకాదు. నాకు చేతనవుతుందేమో చూడనీ. అవకపోతే నీ గూడు ఎలాగూ ఉంది."

నాన్న తెగిన తాడు చుట్ట చుట్టాడు. ఆ వారంలోనే తొలికోత కాయలు ఎండుగడ్డి వేసిన బుట్టలో సర్దుకుని, ఆయనే విస్సన్నపేట బస్సెక్కాడు.

పెళ్ళి నిరాడంబరంగా జరిగింది. ఆ ఏడాది అత్త ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్ళింది. పిల్ల ఎలా ఉంటోందని అమ్మ అడిగితే నవ్వి, "అన్నం పెడితే తింటుంది. నన్ను మాత్రం ఏమనీ పిలవదు. గోడతో మాట్లాడినట్టు 'నీళ్ళు కావాలి' అంటుంది" అంది. ఆ నవ్వు చూసి నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు.

మరుసటి వేసవి కోతలకి నాన్న నన్ను విస్సన్నపేట పంపాడు. "అత్తని తీసుకురా, నాలుగు రోజులుండి వెళ్ళమను. అక్కడ బాలేదంటే ఇక పంపేది లేదు" అన్నాడు. కాయల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా అత్తని వెనక్కి తీసుకొచ్చేస్తున్నట్టే ఊహించుకున్నాను. సంతోషంగా ఉందని నాకే సిగ్గేసింది.

గుమ్మంలోనే పిల్ల ఎదురైంది. నూనె రాసి గట్టిగా వేసిన జడ. ఆ జడ నాకు తెలుసు. నా నెత్తిన పదిహేనేళ్ళు అదే జడ ఉంది.

"ఎవరు?" అంది.

"రెడ్డిగూడెం నించి. అత్తని తీసుకెళదామని వచ్చాను" అన్నాను.

పిల్ల మొహం మారిపోయింది. రెండు చేతులూ చాచి, ద్వారబంధం రెండు వైపులా పట్టుకోబోతూ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. చేతులు అందలేదు. అందకపోతే కాళ్ళు కూడా చాపి సాగింది.

"మా అమ్మ ఎక్కడికీ రాదు" అంది.

లోపలి నించి పిండి చేతులతో వస్తున్న అత్త వసారాలో ఆగిపోయింది. ఆ మాట ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి వింటోందని ఆ మొహం చూస్తే తెలిసింది. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. నా మీద నించి కళ్ళు తీయలేదు.

నేను బుట్ట గడప ఇవతలే దించి అరుగు మీద కూర్చున్నాను.