ఈశాన్యంలో నీళ్ళపొయ్యి

మా బంధువులకు ఉత్తరం రాసే అలవాటు లేదని నేననను. రాసేవాళ్ళు. కాకపోతే కార్డు కంటే ఒక రోజు ముందు వాళ్ళే వచ్చేవాళ్ళు. "శుక్రవారానికి ఎనిమిదిమందిమి వస్తున్నాము" అన్న కార్డును, ఆ ఎనిమిదిమందిలో ఒకాయనే పోస్ట్‌మ్యాన్ దగ్గర అందుకుని మాకు చదివి వినిపించిన సందర్భం కూడా ఉంది.

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు ఇది మామూలే. కొండకు పోయేవాళ్ళు తెల్లారకముందే తలకు పోసుకోవాలి. అందరికీ వేణ్ణీళ్ళు కావాలి. అందుకోసం మా పెరటి ఆగ్నేయ మూలన మూడు రాళ్ళ పొయ్యి, దానిమీద మసిబారిన పెద్ద కాగు ఉండేవి. ఇద్దరికి కాచే రోజు ఆ పొయ్యి సాధువు. ఎనిమిదిమందికి కాచే రోజు దానికి పూనకం వచ్చేది.

డెబ్బయ్యో దశకం చివర అట్లాంటి ఒక పొద్దున, కొండవైపు నుంచి గాలి లేచి, ఒక నిప్పురవ్వ దక్షిణాన ఉన్న నడుమెత్తు ప్రహరీ దాటి పక్కింటి కొట్టం మీద వాలింది. బోదగడ్డి కప్పు. లోపల చూడి ఆవు. మా వీధికి పాలు పోసే ఆ ఇంటి ఆమెకున్న ఆస్తి ఆ రెండే. ఆవు ముందున్న తొట్టిలోంచి రెండు బిందెల కుడితి ఎత్తి కప్పు మీద కొట్టి, మంట ఆర్పి, ఆమె గోడ దగ్గరికి వచ్చింది. కేకలేసి ఉంటే మాకు సులువుగా ఉండేది. మెల్లగానే అడిగింది.

"ఐవారూ, ఈ పొద్దు కుడితి ఉండబట్టి సరిపోయింది. ఆవు తాగేసింటే?"

మా నాయన బడిలో లెక్కల అయ్యవారు. జవాబు చెప్పలేని ప్రశ్న ఆయన్ను అడిగినవాళ్ళు తక్కువ. ఆ పూటే పొయ్యి మార్చాలని తీర్మానించి, బి.ఎస్సీ. పాసై ఉద్యోగం కోసం తీరిగ్గా ఎదురుచూస్తున్న నాకు పని అప్పగించాడు.

"ఆ కొట్టం కాలితే ఆమె మళ్ళీ కట్టుకోలేదురా. సరిగా చూసి చెప్పు."

నేను శాస్త్రీయంగా మొదలుపెట్టాను. రంపపు పొట్టు పొయ్యికి రవ్వలు రావు గానీ, పొట్టు చెమ్మగిల్లిందంటే పొగ తప్ప వేడీ రాదు. బజార్లో చూసిన రాగి బాయిలరు చక్కగా ఉంది, ఇద్దరే బంధువులున్నవాళ్ళకు. మిద్దె మీద పెడదామన్న ఆలోచన, రవ్వలకు ఎత్తుపీట వేయడమే అని తోచి నేనే మానుకున్నాను. ఆపైన నాలుగు రోజులు పొద్దున్నే పెరడంతా ఊదుబత్తులు గుచ్చి, పొగ ఎటు పోతోందో చూశాను.

"దేవునికి ఎలిగించమంటే ఒక్కనాడూ ఎలిగించలేదు. ఇప్పుడు దొడ్డికి ఎలిగిస్తాండాడు" అంది అమ్మ.

తేలింది ఏమిటంటే, ఈశాన్యంలో బావి పక్కన పెడితే ఏ రవ్వా బతికుండగా కొట్టం చేరదు. నీళ్ళు మోసే దూరం తగ్గుతుందని అమ్మ వెంటనే ఒప్పుకుంది.

"ఈశాన్యంలో నిప్పా?" అన్నాడు నాయన. "నాకు పట్టింపు లేదనుకో. వచ్చేవాళ్ళు ఊరుకుంటారా?"

తనకు పట్టింపు లేని విషయాల్లో మా నాయనను కదిలించడం చాలా కష్టం. వారం గడిచింది. వేణ్ణీళ్ళు వంటింట్లోనే, చెంబు చెంబుగా. చివరికి మేస్త్రీని పిలిపించాం. ఆయన పెరడంతా ఒకసారి చూసి, బీడీ చెవి మీద పెట్టుకున్నాడు.

"దీనికింత ఆలోసనేందబ్బా? బావినీ పొయ్యినీ కలిపి సుట్టూ గోడ లేపేస్తే అది యేరే ఇల్లు. ఆ ఇంటికి ఆగ్నేయం యాడ? ఇదో, ఈడ."

నాయన ముఖం వికసించింది. బడి నుంచి దిక్సూచి తెచ్చి, ముగ్గుపిండితో గీత గీసి, మూల తానే నిర్ణయించాడు. మూడు రోజుల్లో మనిషెత్తు గోడ లేచింది. నాలుగో రోజుకు, కార్డు లేకుండా, ఆరుగురు దిగారు. పొయ్యి ఎంత పూనకంతో ఊగినా రవ్వలన్నీ పెరటి మధ్యలోనే చచ్చిపోయాయి.

ఆ ఉదయమే పక్కింటామె జున్నుపాల చెంబుతో వచ్చింది. ఆవు ఈనింది, పెయ్యదూడ. నాయన ఆమెను పిలిచి, పొయ్యి స్థానం, గాలి వాటం, చిన్న ఇంటి ఆగ్నేయం, అన్నీ వరసగా వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, కొత్త గోడను అరచేత్తో తట్టి చూసింది.

"అంతా బాగుండాది ఐవారూ. ఈ గోడేదో మీ పాత పొయ్యికీ నా కొట్టానికీ నడమ లేపింటే సాలు గదా?"