కప్పు మీది మనుషులు

మా వీధి డ్రాయింగు మాస్టారు మొన్న మంగళవారం పోయారు. కబురు తెచ్చిన ఆయన కోడలు మా గుమ్మంలోనే కూలబడింది. "మ్యూజియమోళ్లు ఒప్పుకున్నారేటని రేత్రి కూడా అడిగినారు బాబూ" అంది. వాళ్లు ఒప్పుకోలేదు. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

బరంపురానికి పడమటి కొండల్లో ఒక గుహ ఉండేది. కూర్చుంటే తలకు తగిలేంత కిందికి ఉండే కప్పు. దాని మీద, రాత పుట్టకముందటి మనుషులు ఎర్రమట్టితో వేసిన బొమ్మలు: చేతులు పట్టుకున్న మనుషుల వరస, మధ్యలో ఒక లేడి. మాస్టారు వెల్లకిలా పడుకుని, పలచటి ప్లాస్టిక్ షీటు అడ్డుపెట్టి, సెలవులన్నీ వాటికి నకలు తీశారు. ఒకసారి, ఊళ్లో పురాణం చెప్పే నేనూ వెళ్లాను. సంచిలోంచి పురాణం తీసి సృష్టి ఘట్టం అందుకోబోయాను.

"ఓ సామీ, పుస్తకం మూసి తొంగో ముందు. కూకుంటే రాయే అవుపడతాది. తొంగుంటే ఆళ్లు అవుపడతారు."

పడుకున్నాను. వాళ్లు కనబడ్డారు.

తర్వాత కంకర క్వారీ వచ్చింది, గుహ పోయింది. దేవుడు కొండను గొడుగులా ఎత్తి ఊరిని కాచాడని నిత్యం చదువుకునే వాళ్లం, అయ్యలారా, కాచిన కొండనే పిండి చేసి రోడ్డుకు పోశాం! ఇక ఏ నోటితో చదవను?

మిగిలింది మాస్టారి నకళ్లే. ఒకటి మ్యూజియం తీసుకుంది. గోడకు నిలువుగా తగిలించి, కింద 'నాట్యం' అని చీటీ అంటించింది.

"నాట్యమని నీకెవుడు సెప్పినాడు?" అని మాస్టారు అక్కడి అధికారి మీద లేచారు. "కప్పుకి తలేటి, కాళ్లేటి? పైన కట్టండి. కింద సాప పరవండి."

"చాపేస్తే జనం నిద్రపోతారు సార్."

"పోనీ! ఏసినోళ్లూ దాని కిందే నిద్దరోయినారు."

పక్షవాతం వచ్చాక రెండో నకలు ఆయన మంచం పైన కట్టించుకున్నారు. కిందటి వారం, పురాణం చదవనా అని అడిగాను. మాట ముద్దగా వచ్చింది: "సదువు. తొంగుని సదువు." ఆయన పక్కన చాప మీద పడుకుని, పుస్తకం గుండెల మీద పెట్టుకుని, నోటికొచ్చినంత చదివాను.

దహనమై వచ్చేసరికి సాయంత్రమైంది. మంచం తీసేశారు. ప్రాణం పోయిన చోట నేల మీద దీపం పెట్టారు. కింది నుంచి వెలుగు తగిలి, పైన ఎర్ర మనుషులు కదులుతున్నారు. నూనె పోయడానికి వచ్చిన కోడలు గిన్నె పక్కన పెట్టి, కొంగు తల కింద మడుచుకుని, దీపం పక్కనే వెల్లకిలా పడుకుంది. ఎంతసేపటికీ లేవలేదు.