మాస్టారి కళ్ళు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. కొత్తపేట దగ్గర కాలవ గట్టు మీది ఇంట్లో, మంచం పట్టిన ఒక రిటైర్డు మాస్టారికి కేర్‌టేకర్‌గా కుదిరాను. ఒళ్ళు తుడవడం, ముద్ద కలిపి పెట్టడం, వీపు పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పుతుండడం నా పని. ఆ పుళ్ళనే బెడ్‌సోర్స్ అంటారు.

నేను తిప్పుతుంటే ఆయన కబుర్లు చెప్పేవారు. ఆయనకు దేవుడు లేడు. తనది హ్యూమనిజం అనేవారు.

"అంటే ఏంటండి?"

"మనిషికి మనిషే దిక్కనుకోవడం. పుణ్యం వస్తుందని కాదు, ఎదుటివాడికి అవసరమని చెయ్యడం."

పూర్వం ఇటలీలో పాత పుస్తకాల దుమ్ము దులిపి చదివి, ఆకాశం వంక చూసే జనం మనిషి వంక చూడడం మొదలెట్టారట. అంతకు ఎంతో ముందే మన దేశంలోనూ, పరలోకం ఎవరు చూసొచ్చారని అడిగినవాళ్ళున్నారట. కొబ్బరాకుల నీడలు దుప్పటి మీద ఊగుతుంటే, ఆ పాతకాలపు మనుషులంతా కాలవలో పడవ దిగి మా గదిలోకి వస్తున్నట్టుండేది.

"నేను పోయాక నా కళ్ళు ఇప్పించు. ఆవిడ సంతకం పెట్టాలి. నువ్వే అడగాలి," అన్నారొకనాడు. ఆవిడంటే భార్య సుభద్రమ్మగారు. సోమవారం తప్పకుండా పలివెల గుడికి వెళ్ళొచ్చే మనిషి.

మంచు కమ్మిన ఒక పొద్దున ఆయన పోయారు. చుట్టాలు నేల మీదికి దింపి, తల దగ్గర దీపం పెట్టారు. నేను ఫ్యాన్ ఆపి, తల కింద దిండు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది వేశాను. కళ్ళు ఆరిపోతే ఎవరికీ పనికిరావు. కొద్ది గంటలే వ్యవధి.

"అమ్మగారండీ, కళ్ళు తీసుకునే ఐ బ్యాంకు వాళ్ళకి ఫోన్ చెయ్యమంటారా?"

"కళ్ళు తీసి పంపితే వచ్చే జన్మలో చూపు లేకుండా పుడతారంటారు కదే."

"మాస్టారు జన్మే లేదనేవారు కదండి."

"ఆయన లేదన్నారని నాకూ లేకుండా పోద్దా?"

ఆవిడ దీపం వంక చూస్తూ కూర్చున్నారు. కాలవ మీద మంచు విడిపోతోంది. దూది మళ్ళీ తడిపాను.

"ఎవరికి పెడతారే?"

"మనకి చెప్పరండి."

"వాళ్ళకి చూపొస్తుందా?"

"వస్తుందనే అంటారండి."

"ఈ మొండాయన్ని ఇన్నాళ్ళూ నేనే నడిపించేను. వచ్చే జన్మలో కూడా చెయ్యట్టుకు నడిపిస్తాన్లే. చెయ్యి ఫోను."

"ఆయ్," అన్నాను.

దేవుణ్ణి వదిలినవారికే మాస్టారి దారి అనుకునేదాన్ని. ఆవిడ దేవుణ్ణి వదల్లేదు, ఆ భయమూ వదల్లేదు. భయం ఉండగానే సంతకం పెట్టారు. అప్పటినుంచి ఏ ఇంట్లోనూ ఎవరి నమ్మకంతోనూ వాదించను. అడగాల్సింది అడిగి, పక్కన కూర్చుంటాను.