గంట తిరిగి వచ్చేదాకా

డిగ్రీలో నా మొదటి సెమినార్ మూడు వాక్యాలకే ముగిసింది. నాలుగోది గుర్తు రాక, కాగితాలు బల్లమీదే వదిలేసి క్లాసు బయటికి నడిచాను. లెక్చరర్ పెద్ద మనసు చేసుకుని ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే ఇంటర్నల్ మార్కులు లేవు, ఆ ఏడాదీ లేదు. శ్రీనివాసపురం దగ్గర మా ఊళ్ళో, చదువు మాన్పించి నన్ను మల్బరీ తోటకు పంపడానికి మా పెద్దనాన్న సాకు కోసమే చూస్తున్నాడు.

అంశం పట్టుపురుగు పెంపకం. పుట్టినప్పటి నుంచి ఆ పురుగుల మధ్యే పెరిగినదాన్ని, నాకు తెలియనిదేముంది? తెలిసింది ఇంగ్లీషులో చెప్పాలంటేనే నోరు పెగలదు. అందుకని నాలుగు పేజీలు బట్టీపట్టి, ఒక ఆదివారం బంగారు గనుల పక్కనున్న కోరమండల్‌లో నా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. వాళ్ళు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. గనులు మూసేదాకా వాళ్ళ నాన్న షాఫ్ట్ అనే నిలువు బావి అడుగున గంట కొట్టే పనిలో ఉండేవారు. ఆ తర్వాత రోజూ రైలెక్కి బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయేవారు. వారానికి దొరికే ఒక్క సెలవునాడు నా గోల వినడానికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

గుక్క తిప్పుకోకుండా అంతా అప్పజెప్పి, మెచ్చుకుంటారని చూశాను. ఆయన గనిలో మనుషుల్ని పైకి లాగే ఇనుప పంజరం, కేజ్ సంగతి ఎత్తుకున్నారు. మనుషులు కేజ్‌లోకి ఎక్కాక ఆయన కింద నుంచి గంట కొట్టేవారట. పైన ఇంజన్ నడిపే మనిషి అదే గంట తిరిగి కొట్టాలి. అంతవరకూ కేజ్ అంగుళం కదలకూడదు.

“నువ్వు గంట కొట్టినావు సరే, అమ్మా. అవతల విన్నారని నీకెట్ల తెలుసు? తిరిగి వచ్చేదాకా నిలబడు. ఇంగ ఇంగ్లీషులో పోకుంటే తెలుగులో కొట్టు, కన్నడలో కొట్టు.”

నాలుగు పేజీలు ఐదు ముఖ్యమైన మాటలకు దిగాయి. ఒక్కో మాట నేను చెప్పడం, అర్థమైంది ఆయన తిరిగి చెప్పడం. తప్పు చెబితే మళ్ళీ నేను మొదలు. అన్నం చల్లారిపోయినా ఆయన లేవలేదు. అంత ఓపిక నేను ఏ మాస్టారి దగ్గరా చూడలేదు.

క్లాసులో నేను ఆయన మాటను అక్షరాలా పట్టుకున్నాను. పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది, విడిచే ముందు మేత మానేస్తుంది అని చెప్పి, నిలబడ్డాను. మళ్ళీ మరిచిపోయిందనుకుని అమ్మాయిలు నవ్వు ఆపుకుంటున్నారు, లెక్చరర్ పెన్ను తీశారు. కాళ్ళు తలుపు వైపు లాగుతున్నాయి. తెగించి, చివరి బెంచీలో ఉన్నామెను నేనేం చెప్పానని అడిగాను. పురుగు నాలుగుసార్లు మేస్తుందని ఆమె జవాబు.

మళ్ళీ చెప్పాను, ఈసారి కన్నడలో. అదీ అందక తెలుగులో. చర్మం విడిచే పురుగు మీద ఆకు వేస్తే మా అమ్మ చేత ఎన్ని తిట్లు తిన్నానో కూడా చెప్పాను. అప్పుడు ఆమె సరిగ్గా తిరిగి చెప్పింది. మూడో మాటకే టైం అయిపోయింది. మిగతా రెండూ నా దగ్గరే ఉండిపోయాయి. అయినా లెక్చరర్ పాస్ చేశారు.

తర్వాతి ఆదివారం పరుగున వెళ్ళి చెప్పాను. ఎన్ని మార్కులని ఆయన అడగలేదు.

“ఆ వెనక బెంచీ పాపకు తెలిసిందా?”

తెలిసిందన్నాను.

“అయితే అందరూ పైకొచ్చినారు” అని, అప్పుడు నవ్వారు.