డిసెక్షన్ హాల్లో పరిచయం

మా మెడికల్ కాలేజీలో సీనియర్లకి ఒక దిక్కుమాలిన ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాళ్లని డిసెక్షన్ హాల్లోకి తోసి బయట గొళ్లెం పెట్టేవారు. బల్ల మీదున్న శవానికి మన పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పుకోవాలి. వాళ్లు తలుపు అవతల నుంచి వినేవారు. తొంభైల చివర్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, నా వంతు వచ్చింది.

తలుపు తీసేసరికి నాకు స్పృహ లేదు. సంగతి తెలిసి నాన్న నిడదవోలు నుంచి వచ్చేశారు. "డాక్టరూ వద్దు, ఏమీ వద్దు. ఇంటికి పోదాం పదమ్మా" అన్నారు. నాకు చదవాలనే ఉంది. కానీ ఆ గుమ్మం చూస్తే కాళ్లు కదిలేవి కావు. ఆ హాల్లోకి వెళ్లకుండా మొదటి ఏడాది గట్టెక్కేదెలా?

గొళ్లెం పెట్టిన సీనియర్‌ని సస్పెండ్ చేస్తామన్నారు ప్రిన్సిపాల్‌గారు. "ముందు అందర్నీ ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడిస్తానండి" అన్నారు అనాటమీ మేడమ్‌గారు. అతన్ని, నన్ను, నాన్నని హాలు వరండాలో కుర్చీలేసి గుండ్రంగా కూర్చోబెట్టారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డు రాకూడదు. ఎవరికి బాధ కలిగింది, అది పోవాలంటే ఏం చెయ్యాలి, అంతవరకే మాట. ఈ భజన ఎందుకని నాకు ఒళ్లు మండింది.

ముందు నేనే చెప్పాను. "నోట మాట రాలేదండి. గోడకి అతుక్కుపోయాను. తర్వాత ఏమీ గుర్తులేదు."

సీనియర్ మొహం పాలిపోయింది. "అదేంటి? నువ్వు చెప్పావు కదా, మేం విన్నాం."

"ఏం చెప్పానండి?"

"'మాది పెనుగొండ పక్కనండి, ఇద్దరు కొడుకులండి, ఇద్దరూ రాలేదండి' అన్నావు. ముసలమ్మ గొంతు పెట్టి వెటకారం చేస్తున్నావని నవ్వుకున్నాం."

బల్ల మీదున్నది నిజంగానే ఒక ముసలావిడ. ఆసుపత్రిలో పోతే ఎవరూ రాలేదట. ఆవిడ ఊరేదో మేడమ్‌గారికి కూడా తెలియదు.

మేడమ్‌గారు నావైపు తిరిగి, "నీకేం కావాలమ్మా?" అని అడిగారు. అతన్ని కాలేజీ నుంచి పంపించెయ్యమందామనే వచ్చాను. నోటికి వేరే మాట వచ్చింది.

"నాకు భయం పోయేదాకా ఆయన రోజూ లోపల నా పక్కన నిలబడాలండి."

"ఇంకేదైనా చేస్తాను మేడమ్. ఆ గదిలోకి మాత్రం రాలేను" అంటూ అతను ఏడ్చేశాడు. అంతమందిని ఏడిపించినవాడు ఏడుస్తుంటే సంతోషం కలగాలి. జాలేసింది.

లేచి అతని మోచెయ్యి పట్టుకున్నాను. "పదండి, నేనున్నానుగా" అన్నాను. నాన్న కుర్చీ జరిపి దారిచ్చారు. అతన్ని బల్ల దాకా నడిపించుకెళ్లాక గానీ, ఆ గుమ్మం నేనూ దాటేశానని నాకు తట్టలేదు.