పప్పు కింద భూపాలపల్లి

నా కూతురి టిఫిన్ డబ్బా మీద మూడు చోట్ల పేరు రాస్తాను. "ఎవరన్న ఎత్కపోతరా ఏంది?" అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఎత్తుకుపోవడం కాదండీ, తినేస్తారు. పేరు రాసి ఉన్నా ఆగరు. నేను ఆగలేదు కదా! పిల్ల నిద్రపోయింది కాబట్టి ఆ ఘోరం ఇప్పుడు చెప్పేస్తాను. నా ప్రాజెక్టు మొత్తాన్ని పప్పన్నం కింద వేసి తిన్న వైనం ఇది.

తెలంగాణ కోసం జనమంతా రోడ్డెక్కిన రోజులవి. నేను ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను. నా ప్రాజెక్టు అడవి మోదుగ చెట్ల మీద. ఒకప్పుడు ఒక్కటిగా ఉన్న అడవి చేల మధ్య, గనుల మధ్య, రోడ్ల మధ్య ముక్కలైపోయింది. ఆ ముక్కల్లో మిగిలిన చెట్లలో పాత వైవిధ్యం ఇంకా ఉందా? లేక ఉన్న కాసిన్ని చెట్లూ తమలో తామే సంబంధాలు కలుపుకుని ఒకే పోలికలోకి వచ్చేస్తున్నాయా? ఆకుల్లోని జన్యువులు చూస్తే తెలుస్తుంది. ఏ చెట్టు కనబడినా "నీ చుట్టాలెవరు?" అని అడగాలనిపించేంత పిచ్చి నాకు.

"చెట్టుకు ఒక్క ఆకు చాలు" అన్నారు మా మేడమ్. నాకెలా చాలుతుంది? అది ఎండిపోతే? మేక తినేస్తే? భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ వైపు తిరిగి చెట్టుకు గుప్పెడు కోశాను. పరీక్షకు చెట్టుకొకటి చొప్పున ఏరిన అసలు ఆకుల మీద "భూ", "మ", "జ" అని ఊరి అక్షరం, పక్కన చెట్టు నంబరు మార్కరుతో వేసి ఒక సంచిలో పెట్టాను. మిగిలినవన్నీ అచ్చం అలాంటిదే ఇంకో సంచిలో కుక్కాను. రెండింటికీ తడిగుడ్డ చుట్టి, పసిపిల్లల్ని మోసినట్టు మోసుకుంటూ హైదరాబాద్ బస్సెక్కాను.

జనగామ దాటాక బస్సు ఆగింది. రోడ్డు మీదే వండి బంతులు పెట్టి నిరసన తెలిపే వంటావార్పు. దిగి ఒక అవ్వ పక్కన కూలబడ్డాను. ఆమె మోదుగాకులను పుల్లలతో గుచ్చి విస్తర్లు కుడుతోంది.

"గా సంచులల్ల ఏందే బిడ్డా?"

చెట్ల చుట్టరికాల గురించి విడమరిచి చెప్పాను.

"అంటే చెట్లకు సంబంధాలు కలుస్తున్నయా లేదా అని చూస్తున్నవా?"

"అదే అవ్వా!"

"మా మనుమనికి గూడ జర చూడు."

అంతలో గరిటె పట్టుకున్న అన్న ఒకాయన కేకేశాడు. "ఇస్తరాకులు ఒడిసినయ్! గిప్పుడెట్ల?"

"నా దగ్గర ఆకులున్నయన్నా!" ఉద్యమానికి నా వంతు ఇచ్చే క్షణం ఇన్నాళ్లకు వచ్చింది. సంచి తీసి అవ్వ ముందు కుమ్మరించాను. చప్పట్లు కొట్టారు. పొంగిపోయి, విస్తర్లు కుట్టినంతసేపూ గొంతు బొంగురుపోయేలా నినాదాలిచ్చాను.

తర్వాత బంతిలో కూర్చున్నాను. పప్పు ఎంత బాగుందో! నాలుగు ముద్దలు దిగాక ఆకు మీద నల్లగా ఏదో కనబడింది. చీమేమో అనుకుని వేలితో జరిపాను.

భూ-7.

నేను కుమ్మరించింది నంబర్ల సంచి! పక్కనున్నాయన వైపు వంగాను.

"అన్నా, జర అన్నం పక్కకు జరుపు."

"ఎందుకు?"

"కింద మహబూబాబాద్ ఉన్నదేమో చూడాలె."

ఆయన రెండు చేతులూ విస్తరికి అడ్డం పెట్టాడు. "ఏం పరేషానక్కా గిది! తిననియ్యవా?"

"తిను! జల్ది తిను! ఆకు మాత్రం చింపకు!"

"చారు వోస్తున్నరు గద?"

"చారొద్దు!" బంతి చివరిదాకా వినబడేలా అరిచాను.

"మఫ్టీల వచ్చిన పోలీసామె గాదు గద?" అని ఎవరో అనుమానపడ్డారు.

గరిటె అన్న నన్ను ఎగాదిగా చూసి, "పోలీసులైతె చారు వద్దనరు" అని తేల్చేశాడు.

నా విస్తరి పట్టుకుని అవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఒకే విస్తరిలో భూ, మ, జ పక్కపక్కనే ఉన్నాయి. "అవ్వా, ఇవి మూడు జాగలవి! నంబర్లు చూడలేదా?"

"చూసిన. సంబంధాలు కలుస్తలేవని నువ్వే గద పరేషానైతివి!" అవ్వ చేతిలోని పుల్ల చూపించింది. "ఇగో, కలిపిన."

అదనపు ఆకుల సంచి మాత్రం హైదరాబాద్‌కు క్షేమంగా చేరింది. ఒక్క ఆకూ వాడలేదు. కానీ వాటి మీద నంబర్లు లేవు, ఏది ఏ చెట్టుదో దేవుడికే తెలియాలి. వాటితోపాటు, తిన్న విస్తర్లు ఊడదీసి కడిగి తెచ్చిన ఆకులు కూడా మేడమ్ ముందు పెట్టాను. ఆమె ఒకటి తీసి వాసన చూశారు. "మోదుగకు వెల్లుల్లి వాసన ఎప్పటి నుంచమ్మా?"

మళ్లీ మూడు అడవులూ తిరిగాను. ఈసారి చెట్టుకు ఒక్క ఆకే కోశాను.

కాబట్టి సకల వృక్షజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎంత ఆకలి వేసినా, ఎంతమంది చప్పట్లు కొట్టినా, ఏ చెట్టు చుట్టరికం మీదా చారు పోయించుకోను. మొన్న ఒక పెళ్లిలో ఆకు విస్తరి వేశారు. అన్నం వడ్డించకముందే ఎత్తి, వెనకా ముందూ చూశాను. ఏమీ రాసి లేదు. అప్పుడు గానీ కూర్చోలేదు.