బుగ్గలో అతిమధురం

పోయిన క్రిస్మస్ ముందు సంగతి. మా మొయినాబాద్ చర్చి క్వయర్‌లో పాట ఎత్తుకునేది నేనే. గొంతు బొంగురుపోకుండా రోజంతా అతిమధురం పుల్ల బుగ్గన పెట్టుకునేదాన్ని.

కొన్ని వారాలకు పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. బీపీ కూడా పెరిగింది. ఇదంతా ఉప్పు వల్లేనని మా అత్తమ్మ ఇంటిల్లిపాదికీ చప్పిడి కూరలు మొదలుపెట్టింది. అయినా వాపు తగ్గలేదు. ఒక ఆదివారం పాట మధ్యలో కాళ్లలో సత్తువ పోయి, మైకుతో సహా కూలబడ్డాను.

చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "పొటాషియం బాగ పడిపోయింది. ఏం మందులు వాడుతున్నరు?" అని అడిగింది.

"ఏం లేవు మేడం."

"మరి ఆ బుగ్గల ఏందది?"

సిగ్గుపడుతూ పుల్ల బయటికి తీశాను.

"గిదే! దీంట్ల ఉండే పదార్థం ఒంట్ల ఉప్పును, నీళ్లను ఆపుతది. పొటాషియాన్ని బయటికి పంపుతది. ఇగ ముట్టకుండ్రి."

పక్కనే ఉన్న అత్తమ్మ నా వంక గుర్రుగా చూసింది. "నీ బుగ్గల పుల్లకా, మేమందరం చప్పిడి తిన్నది?"

పుల్ల మానేసి మందులు వాడాక వాపు దిగింది. క్రిస్మస్ రోజు గొంతు కాస్త జీరపోయినా, నిలబడే పాడాను. ఆ మధ్యాహ్నం అత్తమ్మ వండిన మటన్‌లో ఉప్పు ఎక్కువే పడింది. అందరూ మళ్లీ అడిగి వేయించుకున్నారు.